మా పిల్లల రెండేళ్లు అగ్గువ కాదు

జనగామలోనో, మానుకోటలోనో (మహబూబాబాద్), భూపాలపల్లిలోనో డిగ్రీ పూర్తిచేసిన పిల్లలను ఎంబీఏలో ఎందుకు చేరారని అడిగి చూడండి. ఐసెట్‌లో ర్యాంకు వచ్చింది, సీటు పడింది, ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తదన్నారు, దోస్తులందరూ చేరిండ్రు అంటారు. నాకు కావాలనిపించి చేరాను అన్న మాట ఎక్కడా వినపడదు. ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ల వయసు. ఒంట్లో సత్తువ, బుర్రలో చురుకు రెండూ నిండుగా ఉండే కాలం. అందులో రెండేళ్లను ఎక్కడ, దేనికోసం పెట్టాలన్న నిర్ణయం ఆ పిల్లలు తీసుకోలేదు. కౌన్సెలింగ్ వెబ్‌సైటు తీసుకుంది. స్కాలర్‌షిప్ లెక్క తీసుకుంది. సీట్లు నింపుకోవాల్సిన కాలేజీ పంపిన పీఆర్‌వో తీసుకున్నాడు.

దీన్ని నేను దోపిడీ అంటాను. దొర గడీకి వెట్టి చెయ్యమని కబురొస్తే పోవాల్సిందేనన్న రోజుల్లో, పోనని నిలబడ్డ నేల ఇది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట తనదేనని నిలబడింది. కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య తూటాకు ఒరిగిపోయాడు. ఆ ఊళ్లున్న జిల్లా పేరు ఇప్పుడు జనగామ. ఆ మనుషుల మనవలు, మునిమనవలు తమ వయసులో అన్నిటికన్నా విలువైన రెండేళ్లను ఎవరో చూపించిన కాలేజీకి మారుమాట లేకుండా రాసిచ్చి వస్తుంటే నాకు కడుపు మండుతోంది.

ముందు ఐసెట్ సంగతి. రెండు వందల మార్కుల పరీక్ష. ఓసీలకూ బీసీలకూ అర్హత మార్కు 25 శాతం, అంటే 50. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు కనీస మార్కు లేదు. రాసినవాళ్లలో పదింట తొమ్మిది మందికి అటూ ఇటుగా అర్హత వస్తుంది. అర్హత అంత తేలిక కావడం మీద నాకు కోపం లేదు. సర్కారు బడిలో, తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లకు తలుపు మూయమని నేను ఏనాడూ అనను. తలుపు తీశాక లోపల ఏముందో ఎవరూ పట్టించుకోకపోవడం మీద నా కోపం. ఐసెట్‌ను ఏళ్ల తరబడి నిర్వహించింది మన వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయమే. అయినా ర్యాంకు కార్డు వచ్చాక మన పిల్లకు దిక్కు చూపేవాళ్లు లేరు. తెర మీద వందల కాలేజీల పేర్లు, కోడ్‌లు, ఫీజులు కనిపిస్తాయి. ఎక్కడ పాఠం చెప్పేవాళ్లున్నారు, నిరుడు ఎంతమంది ఏ కొలువుకు పోయారు, చేతికి ఎంత జీతం వస్తోంది అన్నవి మాత్రం ఉండవు. జీవితాన్ని తేల్చే సమాచారం దాచిపెట్టి, ఆప్షన్లు పెట్టుకో అని చెప్పడాన్ని ఎంపిక అని ఎలా అంటారు?

ఇక ఫీజు. ఉమ్మడి రాష్ట్రం నాడు ఎంబీఏకు ఏడాదికి 27,000 రూపాయల లెక్క కట్టారు. ఎన్నో చిన్న కాలేజీల బతుకు ఇప్పటికీ ఆ అంకె చుట్టే తిరుగుతోంది. ఒక సెక్షన్‌లో 60 మంది. రెండేళ్లకు మనిషికి 54,000. సెక్షన్ నిండితే 32 లక్షల 40 వేలు. ఇందులోంచే అద్దె కట్టాలి, యూనివర్సిటీకి అఫిలియేషన్ ఫీజు కట్టాలి, పీఆర్‌వోకు తలకింత అని ఇవ్వాలి, యజమాని మిగుల్చుకోవాలి. కోతపడేది ఎక్కడ? పాఠం చెప్పే మనిషి జీతంలో. అందుకే తనిఖీ రోజున జాబితాలో ఉన్న అధ్యాపకుడు మామూలు రోజున క్లాసులో కనిపించడు. అందుకే రోజూ రాకున్నా ఫర్వాలేదు, పరీక్షలకు వస్తే చాలు అన్న హామీ చేరేటప్పుడే దొరుకుతుంది. స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరు కావాలని నిబంధన ఉంది. హాజరు పట్టీ ఎవరి చేతిలో ఉంటే నిబంధన కూడా వాళ్ల చేతిలోనే. వరంగల్ ఎనుమాముల యార్డులో మిర్చి బస్తాలు లెక్కపెట్టినట్టు తలలు లెక్కపెడతారు. అక్కడ బస్తాకైనా రేటు పిలుస్తారు, ఇక్కడ తల లోపల ఏముందో అడిగేవాడే లేడు.

ఆ డబ్బైనా వేళకు వస్తుందా? రాదు. ప్రభుత్వాలు మారినా బకాయి మారలేదు. వేల కోట్లు పేరుకుపోయాయని 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు తలుపులు మూసి బంద్ చేశాయి. సర్కారు కాలేజీకి బాకీ పడుతుంది, కాలేజీ ఆ బాకీని పిల్లల మెడకు చుడుతుంది. కోర్సు అయిపోయాక మెమోలు, టీసీ కావాలంటే ముందు ఫీజు కట్టు, సర్కారు ఇచ్చినప్పుడు వాపసు తీసుకో అంటారు. కొలువు దొరికిన పిల్లగాడు సర్టిఫికెట్ చూపించలేక ఆ కొలువు పోగొట్టుకుంటాడు. తండ్రి మూడు రూపాయల మిత్తికి తెచ్చి విడిపిస్తాడు. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు పట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ ఉత్తర్వును అమలు చేయించడానికి కదిలిన అధికారి ఎక్కడున్నాడు? ఉచితం అని చేర్పించి, బయటికి వచ్చేటప్పుడు విడుదల సొమ్ము అడిగే ఈ పద్ధతికి సంక్షేమం అన్న పేరు పెట్టుకోవడానికి సిగ్గుండాలి.

సరే, విడిపించుకున్నారు. తర్వాత? గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగుతారు. భూపాలపల్లికైతే ఆ రైలూ లేదు, పరకాల మీదుగా హనుమకొండకు బస్సులో వచ్చి అక్కణ్నుంచి పోవాలి. అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో హాస్టల్ మంచం. ఎదురుగా వచ్చే కొలువులు నాలుగైదు రకాలు. అమెరికా కన్సల్టెన్సీలకు రాత్రిళ్లు ఫోన్లు చేసే బెంచ్ సేల్స్. బ్యాంకు పేరు మీద క్రెడిట్ కార్డులు అంటగట్టే పని. ఇన్సూరెన్స్ టార్గెట్లు. బంగారం కుదువ పెట్టుకునే కంపెనీ కౌంటర్. మైక్రోఫైనాన్స్ వసూళ్లు. వీటిలో ఏ పనినీ నేను చులకన చేయను. కష్టపడి తినే పని ఏదైనా గౌరవమైనదే. కానీ వీటిలో ఏ ఒక్కదానికీ ఎంబీఏ అక్కర్లేదు. బీకాం చదివినవాళ్లను అదే సీట్లో, అదే జీతానికి కూర్చోబెడతారు. అంటే మన పిల్ల రెండేళ్లు ఆలస్యంగా, రెండేళ్ల అనుభవం తక్కువతో, తనకన్నా చిన్నవాళ్ల పక్కన మొదలుపెడుతోంది.

ఆడపిల్లల విషయం ఇంకా బాధాకరం. డిగ్రీ అయిపోయిన బిడ్డను ఇంట్లో ఊరకే ఎందుకు ఉంచాలని, సంబంధం కుదిరేదాకా ఎంబీఏలో వేస్తారు. పెళ్లి కార్డు మీద పేరు పక్కన మూడక్షరాలు పడతాయి. ఆ పిల్ల లెక్కల్లో ఎంత గట్టిదో, మహిళా సంఘం పద్దు పుస్తకాన్ని తల్లికి ఎంత చక్కగా రాసిపెడుతుందో ఎవరికీ పట్టదు. ఐకేపీ కేంద్రాల్లో లక్షల క్వింటాళ్ల వడ్లు కొని, తూచి, లెక్క అప్పజెప్పేది ఇక్కడి ఆడవాళ్లే. సొమ్మును, మనుషులను, సమయాన్ని నడపడంలో వాళ్లకు ఎవరూ కొత్తగా నేర్పాల్సింది లేదు. అలాంటి తల్లి కడుపున పుట్టిన బిడ్డకు మేనేజ్‌మెంట్ చదువును పెళ్లిచూపుల అలంకారంగా మార్చడం మహాపాపం.

భూపాలపల్లిలో మరో చిక్కు ఉంది. అది బొగ్గు ఊరు. చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం, చుట్టూ సింగరేణి గనులు. నాయిన గనిలో దిగినన్నాళ్లూ కొడుకు కారుణ్య నియామకం కోసం ఎదురుచూస్తాడు. ఆ ఎదురుచూపుకు నీడగా ఎంబీఏ పనికొస్తుంది. సింగరేణిలోనే పర్సనల్ విభాగం అధికారి కొలువులు ఉన్నాయి, వాటికి మేనేజ్‌మెంట్ పీజీ అడుగుతారు. పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. వాటికి మంచి చదువు చదివినవాళ్లతో పోటీ. పక్కనే ఉన్న కార్మికుడి బిడ్డ ఆ పోటీకి తయారయ్యే చదువు చదవకుండా, తండ్రి ఆరోగ్యం పాడైతే తప్ప తెరుచుకోని దారి వైపు చూస్తూ కూర్చోవాలా?

ఇప్పుడు అసలు ముచ్చటకు వస్తాను. నా కోపానికి మూలం ఇక్కడుంది.

మహబూబాబాద్ లోక్‌సభ స్థానం ఎస్టీలకు కేటాయించింది. జిల్లా అంతా తండాలు. ఐఐఎంలలో, కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఎస్టీలకు 7.5 శాతం, ఎస్సీలకు 15 శాతం, ఓబీసీ నాన్ క్రీమీ లేయర్‌కు 27 శాతం, ఈడబ్ల్యూఎస్‌కు 10 శాతం సీట్లు చట్టప్రకారం కేటాయించారు. దేశంలో ఐఐఎంలు ఇరవైకి పైనే ఉన్నాయి. వాటన్నిటికీ ఒకటే పరీక్ష, క్యాట్. రెండు గంటలు. ఇంగ్లిషు చదివి అర్థం చేసుకోవడం, లాజిక్, లెక్కలు, ఒక్కోదానికి 40 నిమిషాలు. ఏటా నవంబరు చివర్లో జరుగుతుంది. వరంగల్‌లోనే రాయొచ్చు. ఎస్సీ, ఎస్టీలకు దరఖాస్తు ఫీజు సగమే. డిగ్రీలో వాళ్లకు 45 శాతం ఉంటే చాలు, మిగిలినవాళ్లకు 50. ఆఖరి సంవత్సరంలో ఉండగానే రాయొచ్చు. ఎస్టీ, ఎస్సీ విద్యార్థులకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చే కటాఫ్ జనరల్ కంటే బాగా తక్కువ. బయ్యారం తండాలో పుట్టిన పిల్లకు ఇది రాజ్యాంగం రాసిచ్చిన హక్కు. ఆ హక్కు ఉందని ఆమెకు డిగ్రీ మూడేళ్లలో ఒక్క మనిషి చెప్పాడా?

ఫీజులు చూసి భయపడతారు. ఐఐఎం అహ్మదాబాద్‌లో రెండేళ్లకు పాతిక లక్షలకు పైనే. నిజమే. మరి ఎస్సీ విద్యార్థుల కోసం కేంద్రం టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ నడుపుతోంది, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుంటే అర్హత. ఎస్టీలకు అలాంటిదే ఇంకొకటి, 6 లక్షల లోపు. ఐఐఎంలు ఈ రెండు పథకాల జాబితాల్లో ఉన్నాయి. 2024 నవంబరులో పీఎం విద్యాలక్ష్మి పథకం వచ్చింది. జాబితాలో ఉన్న మంచి సంస్థల్లో సీటొస్తే జామీను లేకుండా, ఆస్తి కుదువ పెట్టకుండా బ్యాంకు అప్పు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల అప్పు దాకా వడ్డీలో 3 శాతం రాయితీ. బీసీ పిల్లలకు ఒక హెచ్చరిక. మన రాష్ట్రం ఇచ్చే బీసీ సర్టిఫికెట్ అక్కడ చెల్లదు. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్ వేరుగా తీసుకోవాలి, మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఈ ఒక్క కాగితం సంగతి తెలియక సీటు చేజారితే, ఆ నష్టాన్ని పూడ్చడం ఎవరి తరమూ కాదు.

ఐఐఎంలు మాత్రమే కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఎఫ్‌ఎంఎస్ ఉంది. దేశంలో అందరూ గౌరవించే మేనేజ్‌మెంట్ సంస్థల్లో ఒకటి. రెండేళ్లకూ కలిపి ఫీజు రెండున్నర లక్షల చుట్టుపక్కలే. హనుమకొండలో ఒక కొడుకు ఇంటర్ కార్పొరేట్ చదువుకు హాస్టల్‌తో సహా కట్టే సొమ్ముకు కాస్త అటూ ఇటు. అక్కడా క్యాట్ మార్కులు చూసే పిలుస్తారు. మన గచ్చిబౌలిలోనే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎంబీఏ ఉంది, దానికీ క్యాట్ మార్కులే ఆధారం. జనగామలో పొద్దున బండెక్కితే మధ్యాహ్నానికి చేరే చోటు. అదే గచ్చిబౌలిలో 2001 నుంచి నడుస్తున్న ఐఎస్‌బీ పేరు టీవీలో విని ఉంటారు. అది పని అనుభవం ఉన్నవాళ్లకు ప్రధానంగా నడిచే ఏడాది కోర్సు, ముప్పై లక్షలు దాటిన ఫీజు. డిగ్రీ అవుతూనే దాని వంక చూడక్కర్లేదు. ఐఐఎం విశాఖపట్నంలో 2015లో వచ్చింది. తెలంగాణకు ఐఐఎం లేదు. మన నాయకులకు ఆ లోటు గుర్తుకొచ్చేది ఎన్నికలప్పుడే.

క్యాట్ కష్టం కదా అంటారు. కష్టమే. తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లిషు పేరాలు చదవడం కొండెక్కడమే. దాన్ని నేను తక్కువ చేసి చెప్పను. ఆ కొండ ఎక్కడానికి ఏడాదిన్నర పట్టవచ్చు, మొదటిసారి రాకపోవచ్చు. కానీ ఆ ఏడాదిన్నర రోజూ ఇంగ్లిషు పేపర్ సంపాదకీయం చదివి, రోజూ లెక్కలు చేసి, మధ్యలో ఏదైనా కొలువు చేసి సంపాదించిన పిల్లకు పరీక్ష పోయినా ఇంగ్లిషు మిగులుతుంది, అనుభవం మిగులుతుంది. క్లాసులు జరగని కాలేజీలో అదే ఏడాదిన్నర గడిపితే ఏం మిగులుతుంది? గ్రూప్స్ కోసం అశోక్‌నగర్ గదుల్లో ఐదేసి, ఆరేసి ఏళ్లు కూర్చునే ఓపిక మన పిల్లల్లో ఉంది. ఆ ఓపికలో మూడోవంతు చాలు దీనికి. మనవాళ్లకు శక్తి లేదన్నవాణ్ని నేను నమ్మను. శక్తిని మళ్లించే మనిషి లేడు, అంతే.

ఐసెట్ మొత్తాన్నీ తీసిపారేయమని నేను చెప్పడం లేదు. ఉస్మానియా క్యాంపస్, జేఎన్‌టీయూ హైదరాబాద్, కాకతీయ క్యాంపస్ లాంటి చోట్ల సీటొచ్చే ర్యాంకు తెచ్చుకుంటే ఆ చదువుకు విలువుంది, ఖర్చు తక్కువ, గ్రంథాలయం ఉంది, పక్కన చదివే మనుషులున్నారు. అయితే ఏళ్ల తరబడి రెగ్యులర్ అధ్యాపకుల నియామకం లేక, కాంట్రాక్టు, పార్ట్‌టైం మనుషుల భుజాల మీద ఆ విభాగాలు నడుస్తున్నాయి. విశ్వవిద్యాలయాల ఉమ్మడి నియామక బోర్డు బిల్లు 2022లో తెచ్చి, రాజ్‌భవన్‌కూ సచివాలయానికీ మధ్య ఏళ్లు గడిపారు. ఆ విభాగాలను ఎండబెట్టిన ప్రభుత్వాలే ఊరి చివరి కాలేజీలకు అనుమతుల మీద అనుమతులు ఇచ్చాయి. ఈ ఒక్క వాక్యం చాలు ఎవరు ఎవరి పక్షాన ఉన్నారో చెప్పడానికి. అయినా నా మాట సూటిగా ఇది: ఐసెట్ ర్యాంకుతో యూనివర్సిటీ క్యాంపస్ వస్తే వెళ్లండి. అధ్యాపకులున్నారని, నిజంగా కొలువులిచ్చారని మీ కళ్లతో చూసి, సీనియర్లను అడిగి తెలుసుకున్న కాలేజీ అయితే ఆలోచించండి. లేదంటే చేరకండి. ఒక కొలువు పట్టుకుని, కావాలంటే అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలోనో ఇగ్నోలోనో దూరవిద్యలో ఎంబీఏ చేయండి. డిగ్రీకి డిగ్రీ, జీతానికి జీతం.

విదేశంలో చదివిస్తే సరిపోతుంది అనుకునే తల్లిదండ్రులకు ఒక మాట. హనుమకొండ నక్కలగుట్టలో, నయీంనగర్‌లో కన్సల్టెన్సీ బోర్డుల కింద మీరు కూర్చున్నప్పుడు మీకు నవ్వుతూ టీ ఇచ్చే మనిషికి మీ పిల్లను చేర్చుకున్న విదేశీ యూనివర్సిటీ కమీషన్ ఇస్తుంది. ఆ మనిషి మీ మంచికోసం కూర్చోలేదు. బ్రిటన్‌లో ఏడాది మేనేజ్‌మెంట్ కోర్సుకు పంపుతారు. చదువయ్యాక రెండేళ్లు పని చేసుకోవచ్చని చెబుతారు. 2027 జనవరి నుంచి అది 18 నెలలకు తగ్గుతోంది. 2024 జనవరి నుంచి అలాంటి కోర్సులకు వెళ్లేవాళ్లు భార్యనో భర్తనో తోడు తీసుకుపోయే వీలు కూడా తీసేశారు. అనుభవం లేని పిల్లకు అక్కడ మేనేజర్ కొలువు ఎవడూ ఇవ్వడు. దొరికేది గోదాములో పెట్టెలు సర్దే పని, వృద్ధాశ్రమంలో సేవ. దానికోసం రెండెకరాలు అమ్ముతారా? రాష్ట్రంలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే విద్యానిధి ఉన్నాయి, 20 లక్షల దాకా ఇస్తారు, కుటుంబ ఆదాయం 5 లక్షల లోపుండాలి. మంచి యూనివర్సిటీలో సీటు, ఆ సాయం రెండూ చేతికొస్తే కదలండి. భూమి అమ్మి మాత్రం కదలకండి. ఎవుసం మీద బతికే ఇంట్లో భూమి పోతే తిరిగి రాదు.

ఇంకో సంగతి నన్ను ఎప్పటినుంచో తొలుస్తోంది. వ్యాపారాన్ని నేర్పే చదువులో మన వ్యాపారం ఎక్కడుంది? మన పిల్లలు సిలబస్‌లో అమెరికా కార్ల కంపెనీ కథలు బట్టీ పడతారు. కేసముద్రం మార్కెట్లో పత్తి, మిర్చి ధరను ఎవరు కడతారు, కోల్డ్ స్టోరేజీలో సరుకు దాచితే ఎవరికి లాభం, తేమ పేరుతో రైతుకు ఎంత కోత పడుతుంది అన్నది వాళ్ల నాయినకు తెలుసు, వాళ్లకు తెలియదు. కారం తక్కువ, రంగు ఎక్కువ ఉండే చపాట మిర్చికి 2025లో వరంగల్ పేరున భౌగోళిక గుర్తింపు వచ్చింది. దుగ్గొండి మండలం తిమ్మంపేట మిర్చి రైతుల కంపెనీ దానికోసం దరఖాస్తు పెట్టింది. భూపాలపల్లి జిల్లాలోనూ ఆ మిర్చి పండుతుంది. గుర్తింపు వచ్చాక ఆ పేరును డబ్బుగా మార్చేదెవరు? పెంబర్తి ఇత్తడి పనికీ అదే గుర్తింపు ఉంది. ఆ కళాకారులకు ఆర్డరు తెచ్చి, సరైన ధర కట్టి, వేళకు డబ్బు ఇప్పించే మనిషి ఏడి? ఇవన్నీ మేనేజ్‌మెంట్ చదివినవాళ్ల పనులే. ఆ పనికి తయారుచేసే చదువు మాత్రం మన కాలేజీల్లో లేదు.

అలాంటి చదువు ఉన్న చోట్లూ ఉన్నాయి. గుజరాత్‌లోని ఆనంద్‌లో 1979లో వర్గీస్ కురియన్ ఇర్మాను పెట్టాడు. పల్లె సంస్థలను నడిపే మనుషుల కోసమే. 2025లో దాన్ని త్రిభువన్ సహకార విశ్వవిద్యాలయంగా మార్చారు. మన రాజేంద్రనగర్‌లోనే మేనేజ్ సంస్థ ఉంది, అగ్రికల్చర్ చదివినవాళ్లకు అగ్రిబిజినెస్‌లో రెండేళ్ల కోర్సు నడుపుతుంది. అదే రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ గ్రామీణ మేనేజ్‌మెంట్‌లో పీజీ డిప్లొమా ఇస్తుంది. ఈ మూడు పేర్లను మన డిగ్రీ కాలేజీల్లో ఎంతమంది లెక్చరర్లు ఉచ్చరించి ఉంటారు?

పల్లె వ్యాపారాన్ని నడపడం మనకు చేతకాని పని కాదు. పక్కనే, భీమదేవరపల్లి మండలం ముల్కనూరులో, 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి నాయకత్వంలో సహకార సంఘం మొదలైంది. రైతుకు అప్పు, విత్తనం, ఎరువు, పంట శుద్ధి, అమ్మకం అన్నీ ఒక్క కప్పు కింద చేసి చూపించింది. తర్వాత అక్కడి ఆడవాళ్లే స్వకృషి పేరుతో పాల డెయిరీ పెట్టి నడుపుతున్నారు. దేశవిదేశాల నుంచి వచ్చి చూసిపోతున్నారు. జనగామ నుంచి రెండు గంటల దారి కూడా కాదు. ఈ మూడు జిల్లాల్లో ఎంబీఏ చదివే పిల్లల్లో ఎంతమందిని వాళ్ల కాలేజీ అక్కడికి తీసుకెళ్లింది? ప్రాజెక్టు వర్క్ పేరిట బజార్లో కొన్న పుస్తకాన్ని బైండింగ్ చేయించి ఇచ్చే బదులు, నెలరోజులు ముల్కనూరులో కూర్చుంటే రెండేళ్ల చదువు కంటే ఎక్కువ నేర్చుకుంటారు.

ఏదో ఒకటి చదవడం మంచిదే కదా, ఊరకే ఉంటే చెడిపోతారు అని పెద్దలు అంటారు. ఈ మాట మీద నాకు మిగిలిన అన్నిటికన్నా ఎక్కువ కోపం. ఆ మాట పేదల పిల్లలకే చెబుతారు. హైదరాబాద్‌లో డాక్టరు కొడుకు, ఐఏఎస్ కూతురు ఏదో ఒకటి చదవరు. వాళ్లకు ఇంటర్‌లోనే ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అని లెక్క గీసిపెడతారు. మనవాళ్లకు మాత్రం ఏదో ఒకటి. ఆ మాటతో మొదలైన ఎంబీఏ, సేల్స్ కొలువుతో సాగి, మైక్రోఫైనాన్స్ వసూళ్ల బండి మీద సొంత ఊరికే, సొంత చిన్నమ్మ ఇంటి ముందుకే తిరిగొస్తుంది.

కాబట్టి అడుగుతున్నాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కలెక్టర్లను అడుగుతున్నాను: కౌన్సెలింగ్ మొదలయ్యే ముందు మీ జిల్లాల పిల్లలు ఎక్కువగా చేరే ఎంబీఏ కాలేజీలన్నీ నిరుటి అధ్యాపకుల జాబితా, చేరినవాళ్ల సంఖ్య, కొలువులు, జీతాలు ముద్రించి మీ ముందు పెట్టాలని ఎందుకు ఆదేశించరు? ఏఐసీటీఈ నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీ ఈ వివరాలు బయటపెట్టాల్సిందే. సర్టిఫికెట్లు పట్టిపెట్టుకున్న కాలేజీ మీద ఒక్క కేసు పెట్టి చూపించండి. గిరిజన సంక్షేమ, ఎస్సీ, బీసీ సంక్షేమ అధికారులను అడుగుతున్నాను: పోటీ పరీక్షల కోచింగ్‌కు మీరు నడిపే స్టడీ సర్కిళ్లలో క్యాట్ ఎందుకు లేదు? కాకతీయ విశ్వవిద్యాలయాన్ని అడుగుతున్నాను: ఎనుమాముల, కేసముద్రం, ముల్కనూరు, పెంబర్తి మీ ఎంబీఏ పాఠంలోకి ఎప్పుడొస్తాయి?

సర్కారు డిగ్రీ కాలేజీల ప్రిన్సిపాళ్లకు నా అభ్యర్థన చాలా చిన్నది, దీనికి నిధులు అక్కర్లేదు. ఆగస్టు మొదటి రోజుల్లో క్యాట్ దరఖాస్తు తెరుచుకుంటుంది, సెప్టెంబరు మధ్యలో మూసుకుంటుంది. జూలై ఆఖరు వారంలో ఆఖరి సంవత్సరం పిల్లలందరినీ ఒక గదిలో కూర్చోబెట్టండి. ఈ పరీక్ష ఉందని, సగం ఫీజని, 7.5, 15, 27 శాతాలని, టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ అని, ఓబీసీ సర్టిఫికెట్ వేరే తీసుకోవాలని నల్లబల్ల మీద తెలుగులో రాయండి. ఆ రోజు మధ్యాహ్నమే కాలేజీ కంప్యూటర్ ల్యాబు తెరిచి, రాస్తానన్న ప్రతి పిల్లకూ దరఖాస్తు నింపించండి. ఎంతమంది నింపారో ఆ పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టండి. మరుసటి ఏడు ఆ సంఖ్య ఎందుకు పెరగలేదో వచ్చి అడగడానికి నేనుంటాను.